పెద్దకోడలి ఆట

ఇసిద్రో ఆసుపత్రి డ్యూటీ ముగించుకుని ఇంటికి వచ్చేసరికి పొద్దున ఎనిమిదైంది. గుమ్మం దగ్గరే బూట్లు విప్పి, చొక్కా విప్పి సంచిలో కుక్కి, దేన్నీ ముట్టుకోకుండా నేరుగా స్నానాలగదిలోకి వెళ్లాడు. పదిహేను నెలలుగా అదే అలవాటు. భార్యకి కూడా రెండో టీకా పడి పదిరోజులైనా మానలేదు. వంటింట్లో అంపారో రొట్టెముక్కలు కాల్చి, వాటిమీద టమాటా గుజ్జు రాసి, పైన ఆలివ్ నూనె పోస్తోంది. స్పెయిన్‌లోని ఆ హెరేజ్ ఊరి జూన్ ఎండ అప్పుడే ఎదురుగోడ సగం దాకా దిగింది.

ఫోను టింగుమంది. ఊరి ఫ్లామెంకో ఆటపాటల సంఘం పెద్ద ఎలాదియో ఏదో పోస్టరు పంపాడు.

‘మళ్లీ కలిశాం’ అని పైన పెద్ద అక్షరాలు. వచ్చే ఆదివారం మధ్యాహ్నం, పాత వైన్ గోదాము ముంగిట్లో. ఏడాది పైగా ఒకరి మొహం ఒకరు చూడని ఊరి కళాకారులందరూ ఒక్కచోట. గానం: కండెలారియా. అంటే అత్తగారు. గిటారు: మతియాస్. అంటే మరిది. కింద ఆటల పేర్లు, ఆడేవాళ్ల పేర్లు. అలెగ్రియాస్: అంపారో. సొలెయా: నీవెస్.

అంపారో ఆ ఆఖరి పేరు మళ్లీ చదివింది. ఫోను దూరంగా పెట్టి చదివింది. కళ్లజోడు తెచ్చుకుని చదివింది. పేరు మారలేదు.

తల తుడుచుకుంటూ వచ్చిన ఇసిద్రో ఆమె మొహం చూసి ఆగిపోయాడు. “ఏమైంది? ఎవరైనా పోయారా?” ఆ పదిహేను నెలల్లో ఫోను పట్టుకుని అలా నిలబడ్డవాళ్లను అందరూ అడిగే మొదటి ప్రశ్న అదే.

“ఎవరూ పోలేదు. మీ అమ్మ తన సొలెయా ఆట మీ తమ్ముడి పెళ్లానికి ఇచ్చేసింది.”

“ఓస్, అంతేనా!” అంటూ కుర్చీ లాక్కున్నాడు. “హడలగొట్టావు కదే.”

“అంతేనా అంటావేమిటి? ముప్పైఏడేళ్లుగా కాసుకు కూర్చున్నదాన్ని నేను!”

ఇసిద్రోకి ఆట రాదు, పాట రాదు. కానీ ఆ ఇంట్లో పుట్టినవాడు కాబట్టి సంగతి తెలుసు. కండెలారియా ఆటలన్నీ ఊరంతా నేర్చుకుంది, ఒక్క సొలెయా తప్ప. నిదానంగా, బరువుగా సాగే ఆట అది. కదిలేదానికన్నా నిలబడేదే ఎక్కువ. కండెలారియా తల్లి ఆడింది, తర్వాత కండెలారియా ఆడింది. బయటివాళ్లెవరికీ ఆ అడుగులు ఇవ్వలేదు.

చెప్పులు కుట్టే ఆయన కూతురు అంపారో తొమ్మిదేళ్లప్పుడు ఆ వాకిట్లోకి వచ్చింది. తల్లి లేని పిల్ల. కండెలారియా జడ వేసింది, అన్నం పెట్టింది, మడమ ఎలా కొట్టాలో నేర్పింది, చివరికి పెద్దకొడుక్కి చేసుకుంది. సొలెయా మాట ఎత్తితే మాత్రం, “ఇంకా కాదే పిల్లా. నీ కాళ్లు ఇంకా తొందరపడుతున్నాయి” అనేది. ఆ మాటకి ఇరవయ్యో ఏట అంపారో నవ్వింది. ముప్పైలో అలిగింది. నలభైలో స్నానాలగదిలో నీళ్లు తిప్పి ఏడ్చింది. ఇప్పుడామెకి నలభైయారు.

నీవెస్ ఆ ఇంటికి వచ్చి ఆరేళ్లు. సెవిల్లాలో టూరిస్టుల కోసం నడిపే హాలులో ఆడేది. లాక్‌డౌన్‌కి ముందురోజు రెండ్రోజులు ఉండి పోదామని మతియాస్‌తో ఒక్క పెట్టె పట్టుకుని వచ్చింది. దారులు మూసేశారు, ఆ హాలూ మూసేశారు. పదిహేను నెలలు అత్తగారింట్లోనే ఉండిపోయింది.

“ఆరేళ్లు!” అంది అంపారో. “దానికి ఆరేళ్లకే కాళ్లు నెమ్మదించాయా? సెవిల్లాలో సీసాల చప్పుడు మధ్య గంతులేసిన కాళ్లు!”

“అమ్మ ఒంటరిగా లేదు, ఎవరికీ ఏమీ కాలేదు, అదే చాలనుకోవచ్చుగా.”

“నువ్వు అనుకో. ఆ గుమ్మం బయట నిలబడింది నేను. నీ ఉద్యోగం వల్ల నిలబడ్డాను.”

నోరు జారిందని అంపారోకి వెంటనే తెలిసింది. కోవిడ్ వార్డులో ఇసిద్రో ఎంతమందిని మంచాలమీదకి ఎత్తాడో, ఎంతమందిని ఎత్తాల్సిన అవసరం లేకుండా పోయిందో ఎప్పుడూ చెప్పలేదు. అతను తింటున్న రొట్టె పళ్లెంలో పెట్టేసి, “పడుకుంటా” అని లేచాడు. పిలవాలనిపించింది. పిలవలేదు. మాస్కు తగిలించుకుని తలుపు లాగి బయటికి నడిచింది.

అత్తగారి ఇల్లు నాలుగు వీధుల అవతల. ఆ దారిలో ఆమె ఎన్నిసార్లు నడిచిందో లెక్కలేదు. గిన్నె నిండా పప్పో, కూరో, చేపల పులుసో వండి తెచ్చి, మేడమీది బాల్కనీ కింద నిలబడి కేకేసేది. తాడు కట్టిన బుట్ట కిందికి దిగేది. లాగేది నీవెసే. అత్తగారు పక్కన నిలబడి చెయ్యి ఊపేది. ఇసిద్రో పని అలాంటిది కాబట్టి, రెండో టీకా పడి రెండు వారాలయ్యేదాకా ఆ గడప తొక్కనని అంపారో తనకు తానే పెట్టుకున్న నియమం.

ఫోను చేస్తే మొదట అత్తగారే ఎత్తేది. నాలుగు మాటలయ్యేసరికి నీవెస్ అందుకునేది. “అత్తయ్య అలిసిపోయిందక్కా, నేను చెబుతాలే.” ప్రతిసారీ అంతే. ఆ గొంతులోని మెత్తదనం అంపారో ఒంటిమీద గరుకుగా తగిలేది.

నిరుడు ఏప్రిల్‌లో ఒకరోజు బుట్టకోసం ఎదురుచూస్తుంటే పైనుంచి చప్పుడు వినిపించింది. చేతికర్రతో నేలమీద పన్నెండు దెబ్బల తాళం. దానిమీద మడమల చప్పుడు. నిదానంగా, బరువుగా. ఆగి, మళ్లీ మొదటినుంచి. అంపారో గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది. పులుసు చల్లారిపోయింది. సొలెయా నేర్పుతోంది! ఆరోజు గిన్నె గుమ్మం ముందు పెట్టేసి, కేకెయ్యకుండా వెళ్లిపోయింది. తర్వాత నెలల తరబడి మంచంలో కళ్లు మూసుకున్నా ఆ మడమలే వినిపించేవి. ఉత్త సాధనేమో, ఊసుపోక చెప్పిందేమోనని సర్దిచెప్పుకుంది. ఇప్పుడు పోస్టరు మీద పేరే పడింది.

తలుపు దగ్గరికి వేసి ఉంది. అంపారో తట్టలేదు. మెట్లెక్కి వంటింట్లోకి వెళ్లింది. నీవెస్ కీరదోసకాయలు తరుగుతోంది. ఉలిక్కిపడి చూసి, మొహమంతా నవ్వై, “అక్కా! లోపలికే వచ్చేశావా!” అంటూ ముందుకు రాబోయింది.

“అక్కడే ఉండు. పోస్టరు చూశాను.”

నీవెస్ నవ్వు ఆరిపోయింది. చేతిలో కత్తి బల్లమీద పెట్టింది. “నేనే వచ్చి చెబుదామనుకున్నాను.”

“ఎప్పుడు? ఆదివారం చప్పట్లు అయ్యాకా? ఏం మంత్రం వేశావమ్మా? నాకు ముప్పైఏడేళ్లలో దొరకనిది నీకు ఏడాదిలో దొరికింది. ఫోను చేస్తే నువ్వు. బుట్ట లాగితే నువ్వు. ఆమె గొంతు నా చెవిన పడకుండా కావలి కాశావు. ముసలావిడ ఒంటరిగా చేతికి చిక్కింది, పిండుకున్నావు!”

“అలా అనకు.”

“మరెలా అనమంటావు? రాణీగారూ, మీ ఆట బ్రహ్మాండం అనాలా? తల్లి లేని నాకు ఈ ఇల్లే తల్లి. అదీ లాక్కున్నావు.”

నీవెస్ ఏదో అనబోయి, అంపారో భుజం మీదుగా గుమ్మంవైపు చూసి, “మెల్లిగా, అక్కా. దయచేసి మెల్లిగా” అంది.

వెనక కర్ర చప్పుడైంది. కండెలారియా వచ్చి నిలబడింది. డెబ్బైయారేళ్ల మనిషి. తెల్లజుట్టు బిగించి దువ్వి దువ్వెన గుచ్చుకుంది. వేషం ఏమీ మారలేదు, కాస్త చిక్కిందంతే. అంపారో పోట్లాట మర్చిపోయి రెండడుగులు వేసింది.

కండెలారియా ఆమెను చూసి మర్యాదగా తలూపింది. “సంఘం నుంచి వచ్చారా? రండి, రండి. ఎలాదియో పంపుతానన్నాడు.” తర్వాత నీవెస్ వైపు తిరిగి చిన్నగా కసిరింది. “అంపారో, వచ్చినవాళ్లని నిలబెట్టి మాట్లాడతావుటే? కుర్చీ వెయ్యి.”

అంపారో మాస్కు లాగేసింది. మొహం మొత్తం చూపించింది. కండెలారియా ఆ మొహాన్ని కాసేపు వెతికింది. నుదురు ముడిపడింది. కళ్లలో ఏదో భయం తొంగిచూసింది, దారి తప్పిన పిల్ల కళ్లలో ఉంటుందే, అలాంటిది. “మిమ్మల్ని ఎక్కడో...” అని ఆగిపోయి నీవెస్ చెయ్యి పట్టుకుంది.

నేనే అంపారోని అని అరవాలనిపించింది. ఆ పట్టుకున్న చెయ్యి నాది కావాలి అని విడదీయాలనిపించింది. కానీ ముసలావిడ కళ్లలోని ఆ భయం ఆమె చూడలేకపోయింది.

“అవునండీ,” అంది అంపారో. తన గొంతు తనకే కొత్తగా ఉంది. “సంఘం నుంచే. మీ కోడలి సొలెయా చూసి రమ్మన్నారు.”

కండెలారియా మొహం విప్పారింది. “అలా చెప్పండి! కూర్చోండి. ఇది నా చేతుల్లో పెరిగింది. తొమ్మిదేళ్లప్పుడు వచ్చింది, మోకాళ్లనిండా దెబ్బలు. దీన్ని చాలా ఏడిపించాను లెండి. తొందర ఎక్కువ. నా దగ్గరున్నదంతా ఇచ్చేస్తే ఇక నా దగ్గరికి రాదేమోనని నాకూ భయమే.” తనలో తనే నవ్వుకుంది. “అంపారో, బూట్లు వేసుకో.”

నీవెస్ కదల్లేదు. కళ్లనిండా నీళ్లతో అంపారోని చూసింది. అంపారో తలూపింది. వేసుకో అన్నట్టు.

కర్ర పన్నెండు దెబ్బలు వేసింది. నీవెస్ ముందుగదిలో పలకల నేలమీద నిలబడి చెయ్యి ఎత్తింది. “భుజం దించు, అంపారో. మడమ ఇప్పుడు కాదే, అంపారో. ఆగు. ఇంకా ఆగు. ఊఁ, ఇప్పుడు. నా బంగారుతల్లివే!” కుర్చీలో కూర్చున్న అంపారో మోకాళ్లు గట్టిగా పట్టుకుని తన పాఠం తను వింది. ప్రతి మాటా తనకే. ప్రతి అడుగూ తనకే. తను మాత్రం అక్కడ లేదు.

అరగంటకి కండెలారియా అలిసిపోయి మంచం ఎక్కింది. వంటింట్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు.

“లాక్‌డౌన్ మూడోవారంలోనే మొదలైంది,” అంది నీవెస్. “మధ్యాహ్నం నిద్రలేచి నన్ను చూసి, ‘అంపారో, నిన్ను ఆగమన్నది చాలు, రా’ అంది. నేను నీవెస్‌ని అత్తయ్యా అన్నాను. కంగారుపడి ఏడ్చింది. మర్నాడు మళ్లీ అదే. ఇక నేను సరిదిద్దలేదు. డాక్టరు ఫోనులోనే చెప్పాడు, ఇది జబ్బే, ముదురుతుందని. కొన్ని రోజులు అన్నీ గుర్తుంటాయి. అలా గుర్తున్న రోజున నాచేత ఒట్టు వేయించుకుంది. ‘అంపారోకి చెప్పకు. దాన్ని మర్చిపోయానని అది తెలుసుకోకూడదు’ అని. అందుకే ఫోను లాక్కునేదాన్ని. నీతో మాట్లాడుతూ నిన్నే ఎవరు అని అడుగుతుందేమోనని.”

“మీ బావకి చెప్పొచ్చుగా?”

“బావకి చెబితే నీకు చెప్పినట్టేగా. ఎలాదియో అడిగితే కూడా సొలెయా ఆడేది అంపారోనే అంది అత్తయ్య. నీకు అడుగులు రావు కాబట్టి మతియాస్ నా పేరు వేయించాడు.” నీవెస్ గౌనంచుతో మొహం తుడుచుకుంది. “ఇంకో మాట. ఒట్టొక్కటే కాదు. నీకు చెబితే ఆట ఆగిపోతుందని కూడా భయపడ్డాను. నాకు ఆ సొలెయా కావాలక్కా. అంతగా కావాలనిపించింది. ఒక్కరోజైనా నీవెస్, బాగా చేశావు అంటుందేమోనని చూశాను. పదిహేను నెలలు. ఒక్కసారీ అనలేదు. నువ్వు వీధిలో నిలబడి కుళ్లుకున్నావు. నేను ఆమె పక్కనే కూర్చుని, రోజూ, నిన్ను చూసి కుళ్లుకున్నాను.”

అంపారో చెయ్యి చాచి, తరగకుండా మిగిలిన కీరదోసకాయ తీసుకుని, కత్తి పట్టుకుని తరగడం మొదలుపెట్టింది.

“ఆదివారం నువ్వే ఆడు,” అంది తలెత్తకుండా. “పాటలో పదాలు మర్చిపోతోందా?”

“ఒక్కోసారి.”

“పదాలు నాకు తెలుసు. పక్కన నేను కూర్చుంటాను.”

ఇంటికి వెళ్లేసరికి ఇసిద్రో ఇంకా నిద్రపోలేదు, దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి ఉన్నాడు. అంపారో మంచం అంచున కూర్చుని అతని వీపుమీద చెయ్యి వేసింది. పొద్దున అన్నదానికి మన్నించమంది. తర్వాత అతని తల్లి సంగతి చెప్పింది. వార్డులో పదిహేను నెలలు కంటతడి పెట్టనివాడు దిండులో మొహం దాచుకుని ఏడ్చాడు.

ఆదివారం మధ్యాహ్నం గోదాము ముంగిట్లో గుడ్డ పందిళ్లు కట్టారు. కుర్చీలు దూరదూరంగా వేశారు. పాత పీపాల వాసన గాలినిండా ఉంది. పాడేవాళ్లు, వాయించేవాళ్లు, ఆడేవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. ముందు మోచేతులు తాకించుకున్నారు. ఇద్దరు ముగ్గురయ్యేసరికి ఎలాదియో హెచ్చరికలు ఎవరూ పట్టించుకోలేదు. వాటేసుకున్నారు, మాస్కులు తడిసేలా ఏడ్చారు, నువ్వు లావయ్యావంటే నువ్వు ముసలివాడివయ్యావని తిట్టుకున్నారు. ఎవరు రాలేదో కళ్లతోనే వెతుక్కున్నారు. పేరు పెట్టి మాత్రం ఎవరూ అడగలేదు.

అంపారో తన హుషారైన అలెగ్రియాస్ ఆడి చప్పట్లు అందుకుని, చెమట తుడుచుకుంటూ వచ్చి అత్తగారి పక్క కుర్చీలో కూర్చుంది. మతియాస్ తీగలు సవరించాడు. నీవెస్ నల్లగౌనులో వచ్చి మధ్యలో నిలబడింది. కండెలారియా గొంతెత్తింది. ఆ గొంతు ఎక్కడా చెక్కుచెదరలేదు.

నీవెస్ చెయ్యి ఎత్తింది. అచ్చం కండెలారియా చెయ్యే. అంపారో గుండెలో చురుక్కుమంది. ఆ అడుగులు తన కాళ్లలో ఉండాల్సినవి. అన్నీ తెలిశాక కూడా మంట చల్లారలేదు, చల్లారిందని ఆమె తనకు తాను చెప్పుకోనూ లేదు. చేతులు మాత్రం తాళం తప్పకుండా చరుస్తూనే ఉన్నాయి.

రెండో చరణం దగ్గర కండెలారియా ఆగిపోయింది. నోరు తెరుచుకుంది, మాట రాలేదు. మతియాస్ అదే వరసని మళ్లీ తిప్పాడు, ఇంకోసారి తిప్పాడు. నీవెస్ చెయ్యి గాలిలోనే నిలబడింది. అంపారో ముందుకు వంగి అత్తగారి చెవిలో మెల్లగా అంది.

“దీపం పెట్టలేదని అలగకు...”

కండెలారియా అందుకుంది.

“దీపం పెట్టలేదని అలగకు,
చీకట్లోనైనా నీ అడుగు
చప్పుడు నేను పోల్చుకుంటాను.”

అక్కడినుంచి ఆట లేచింది. నిదానం నిదానంగానే కమ్ముకుంది. నీవెస్ మడమలు రాతినేలని పిలిచినట్టు కొట్టాయి. ముంగిలి మొత్తం ఆ తాళంలోకి వచ్చేసింది. చివరి తిప్పు దగ్గర కండెలారియా ఉండబట్టలేక కుర్చీలోంచి సగం లేచి, కర్ర ఎత్తి భళా అన్నట్టు కేకేసింది.

“ఓలే, అంపారో!”

కొందరు అంపారో వైపు చూశారు. ఎవరో నవ్వారు. ఎలాదియో ఇబ్బందిగా తలదించుకున్నాడు. నీవెస్ అడుగు తప్పలేదు. గొంతులో ఏదో మింగింది, అంతే. రోజూ మింగుతూ మింగుతూ అలవాటైపోయిన మింగడం అది. ఆ ముంగిట్లో దాన్ని అంపారో ఒక్కతే చూసింది.

చూసి, లేచి నిలబడింది.

“ఓలే, నీవెస్!”

గొంతు చీలిపోయింది. ఊపిరి తీసుకుని ఇంకా గట్టిగా అరిచింది. “నీవెస్! ఓలే, నీవెస్!” మతియాస్ గిటారు మీంచి తలెత్తి భార్య పేరు పిలిచాడు. వెనక వరసలోంచి ఇసిద్రో పిలిచాడు. ఇక ఒకరి తర్వాత ఒకరు, ముంగిలంతా ఆ పేరే. నీవెస్ ఆఖరి మడమ కొట్టి రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

ఆ గోలలో కండెలారియా అంపారో చెయ్యి పట్టి లాగింది. “నీవెస్ ఎవరమ్మా?”

అంపారో ఆమె పక్కన మోకాళ్లమీద కూర్చుంది. “మీ చిన్నకోడలు, అత్తయ్యా.”

“బాగా ఆడింది.” కండెలారియా కళ్లు చికిలించి చూసింది. “చాలా బాగా ఆడింది. ఎవరు నేర్పారు?”

“మీరే.”

ముసలావిడ ఆ మాటని కాసేపు లోపలే తిప్పుకుని, సంతోషంగా తలూపింది. తర్వాత అంపారో మొహంలోకి చూసింది. గుర్తుపట్టిందో లేదో ఆ కళ్లు చెప్పలేదు. “మరి నీకు వచ్చా ఆ ఆట?” అంది.

“నాకు రాదు. రేపు పొద్దున్నుంచి తనే నేర్పుతుంది.”

“నేనూ వచ్చి కూర్చుంటా,” అంది కండెలారియా, పట్టుకున్న చెయ్యి వదలకుండా.